మంద కుక్కకు పచ్చి కార్జం వేయొద్దు

నకిరేకల్: గొర్రెల మందకు రాత్రి కావలి కుక్కదే. గట్క, మజ్జిగ, రొట్టెలతో పెరిగిన ఆ కుక్కకు యాటను కోసిన నాడు పచ్చి పేగులు, కార్జం కడుపునిండా వేస్తే మర్నాటికి పారుడు మొదలవుతుంది. కొత్త తిండికి పేగులు ఒక్కసారిగా అలవాటు పడవు.

పెద్ద కుక్క హుషారుగానే ఉంటే ఒక పూట తిండి మాన్పించి, మంచినీళ్లు అందుబాటులో ఉంచాలి. ఆ తర్వాత ఉప్పు, కారం లేని మెత్తని అన్నం, ఉడికించిన కోడిమాంసం రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా పెట్టాలి. వాంతులు ఆగకున్నా, నెత్తురు పడినా పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. కూనలను మాత్రం పస్తు ఉంచరాదు. వాటికి ఇది పార్వో జబ్బు కావచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణం దక్కకపోవచ్చు.

పారుడు తగ్గినంత మాత్రాన ముప్పు తప్పినట్లు కాదు. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో కనిపించే నీటి బుడగల్లో బద్దెపురుగు పిల్లలు ఉండవచ్చు. పచ్చివి తిన్న కుక్క పేగుల్లో అవి పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో మేతలోకి, నీళ్లలోకి, కుక్కను నిమిరిన చేతులకు చేరతాయి. అలా మనిషి కార్జంలోనూ బుడగలు లేస్తాయి. ఒక్కోసారి ఆపరేషన్ తప్పదు.

కనుక బుడగలున్న భాగాలను కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి. మిగతా మాంసాన్ని బాగా ఉడికించి వేయాలి. డాక్టరు చెప్పిన గడువుల్లో కుక్కకు బద్దెపురుగుల మందు వేయించాలి. కుక్కను ముట్టిన చేతులు కడగనిదే అన్నం ముట్టరాదు.