వెచ్చాలు ఊళ్లో కొంటే మేలా? పట్నంలో కొంటే మేలా?

చవక సరుకు వెంట బస్సెక్కే ముందు వేసుకోవలసిన లెక్కలు

గుంటూరు: నెల మొదటి వారంలో గుంటూరు నుంచి పల్లెలకు వచ్చే పల్లెవెలుగు బస్సులు చూస్తే చాలు, ఊళ్లలో వ్యాపారం ఎటు మళ్లుతోందో తెలుస్తుంది. సీట్ల కింద నూనె డబ్బాలు, ఒళ్లో సబ్బుల కట్టలు. ఒకప్పుడు ఊరి పచారీ కొట్టులో కట్టించుకున్న వెచ్చాలు ఇప్పుడు పట్నంలోని పెద్ద దుకాణాల నుంచి వస్తున్నాయి. అక్కడ చవక అన్నది జనం మాట. అందులో నిజముంది. కాని ఆ నిజం పూర్తి లెక్క కాదు.

పెద్ద దుకాణంలో ఎందుకు తగ్గుతుంది?

సబ్బులు, పేస్టు, టీపొడి వంటి కంపెనీ సరుకుల మీద చిల్లర వర్తకుడికి మిగిలేది సుమారుగా నూటికి పది రూపాయలు. అందులోనే కరెంటు, అద్దె, ఎలుకలు కొట్టినవి, అరువు పోయినవి అన్నీ సర్దుకోవాలి. కాబట్టి ముద్రించిన ధరకే అమ్ముతాడు. డీ-మార్ట్ వంటి సంస్థలు లారీల లెక్కన నేరుగా కంపెనీల వద్ద కొని, డబ్బు త్వరగా చెల్లించి, ఆ మేరకు తగ్గింపు రాబట్టుకుంటాయి. ఆ తగ్గింపులో కొంత మనకు వదులుతాయి. కొన్ని సరుకులు ఊరి వర్తకుడికి పడే ధర కంటే కూడా అక్కడ తక్కువకు దొరుకుతాయి. అది ఊరి కొట్టువాడి దురాశ కాదు, అతని కొనుగోలు చిన్నది, అంతే.

బియ్యం, పప్పుల సంగతి వేరు. 25 కిలోల వరకు తూచి ముద్రవేసిన ప్యాకెట్లపై 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్‌టీ ఉంది. బస్తా విప్పి విడిగా తూచి ఇచ్చే బియ్యానికి, కందిపప్పుకు ఆ పన్ను లేదు. బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి విడి సరుకు విషయంలో ఊరి కొట్టు పోటీకి నిలబడగలదు. నాణ్యం చూసి, ధర అడిగి తెలుసుకోవాలి.

దారి ఖర్చు

ఉదాహరణకు ఒక ఇంటి వెచ్చాలు 3,000 రూపాయలు అనుకుందాం. అందులో కంపెనీ ప్యాకెట్లు 1,800. వాటిపై నూటికి 8 రూపాయలు తగ్గితే మిగిలేది 144 రూపాయలు. మగమనిషి వెళ్తే రానుపోను బస్సు చార్జీ 70, బస్టాండు నుంచి ఆటోకు 40 అనుకుంటే చేతిలో మిగిలేది 34. ఆడవారు వెళ్తే 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద బస్సు చార్జీ లేదు కనుక 104 మిగులుతుంది. కాని ఆ రోజు కూలి పోతే ఆ మిగులూ పోయినట్లే. చీటీలో లేని వస్తువు ఒక్కటి సంచిలో పడినా అంతే. పెద్ద దుకాణం లాభం చూసుకునేది ఆ చీటీలో లేని వస్తువుల దగ్గరే. రెండు మూడు ఇళ్లవారు కలిసి ఒకరిని పంపితే మాత్రం తప్పక లాభం.

అరువు లెక్క

ఊరి కొట్టులో ఖాతా ఉంటుంది. పట్నంలో రొక్కం ఉండాలి. ఖాతా సరుకుకు నూటికి ఐదు రూపాయలు ఎక్కువ పడితే, నెలలో తీర్చేవారు నెలకు ఐదు రూపాయల వడ్డీ కట్టినట్లే. అది చాలా ఎక్కువ. అదే పంట వచ్చేదాకా, మూడు నెలలకు తీర్చేవారికి నెలకు రూపాయి అరవై ఆరు పైసలే పడుతుంది. బయట రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పట్నంలో చవకగా కొనేవాడి కంటే ఇతనే మెరుగు. అందుచేత చేతిలో డబ్బున్నప్పుడు రొక్కం ధర అడగండి. అరువైతే ప్రతి పద్దు మీ పుస్తకంలోనూ రాయించుకోండి.

ఎక్కడ కొన్నా చూసుకోవలసినవి

ప్యాకెట్ ధర ఒక్కటే చూడకూడదు, బరువు చూడాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 850, 800 గ్రాముల ప్యాకెట్లూ పక్కనే ఉంటాయి, చూపుకు తేడా తెలియదు. ఐదు రూపాయల బిస్కెట్ల ధర ఏళ్లతరబడి అలాగే ఉన్నా లోపలి బరువు తగ్గుతూ వచ్చింది. ప్యాకెట్‌పై గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు. దానిని పోల్చుకోవాలి. పెద్దది కొంటే ఎప్పుడూ చవకే అనుకోవద్దు. చాలా షాంపూల్లో సీసా కంటే రూపాయి ప్యాకెట్టే చవక.

ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు పైసా ఎక్కువ అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. బిల్లు దాచి ఉంచితేనే ఫిర్యాదుకు బలం.

కొట్టు మూతపడితే?

అందరూ నెల వెచ్చాలు పట్నంలో కొని, ఉప్పుకు, అగ్గిపెట్టెకు, అరువుకు మాత్రమే ఊరి కొట్టుకు వెళ్తే ఆ కొట్టు ఎక్కువ కాలం నిలవదు. రొక్కం ఇచ్చేవారు పోయి అరువు అడిగేవారే మిగిలిన వర్తకుడు ఎక్కడి నుంచి సరుకు తేగలడు? అది మూతపడిన నాడు కష్టమంతా కౌలు రైతుదీ, కూలి మనిషిదీ, బస్సెక్కలేని ముసలివారిదీ.

కాబట్టి సబ్బులు, నూనెల వంటివి ఇరుగుపొరుగు కలిసి నెలకొకసారి పట్నంలో, బియ్యం, పప్పులు, చింతపండు వంటివి ఊరి కొట్టులో రొక్కానికి కొనడం చాలా ఇళ్లకు గిట్టుబాటు. కూరగాయలకు 1999లో మొదలైన రైతు బజార్లు, వారపు సంతలు ఉండనే ఉన్నాయి. ఊరి వర్తకులు కూడా నలుగురు కలిసి ఒకే లారీకి సరుకు తెప్పించుకుంటే, రొక్కం ఇచ్చేవారికి రూపాయి తగ్గించగలరు. ఆ రూపాయే ఖాతాదారును బస్సెక్కకుండా ఆపుతుంది.