హుడ్ కింద దూలం

పిల్లలకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో కొత్త భాష మొదలవుతుంది. ఎగ్జాస్టు, స్ప్రింగులు, స్ట్రట్ టవర్ బ్రేసు! మా అబ్బాయి వేసవి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో తన పాత కారుకి ఈ బ్రేసు కొంటానన్నాడు. "అదేం చేస్తుందో చెల్లెలికి అర్థమయ్యేలా చెప్పు, అప్పుడు కొనుక్కో" అన్నాను. ఆ సంభాషణలో తేలిన విషయాలే ఇవి.

చాలా కార్లలో ముందు చక్రాలకి మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉంటుంది. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద వచ్చిందది. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన నిలువు కాలు అనుకోండి. కింది కొస చక్రం దగ్గర ఉంటుంది. పై కొసని హుడ్ ఎత్తితే రెండు పక్కలా కనిపించే గుండ్రటి రేకు దిమ్మెల్లో బిగిస్తారు. ఆ దిమ్మెలే టవర్లు. మధ్యలో ఇంజనుకి చోటు కావాలి కాబట్టి చాలా కార్లలో వాటిని పైన కలిపేదేమీ ఉండదు. మూత తీసేసిన చెప్పుల పెట్టెని రెండు చేతులతో మెలితిప్పి చూడండి, సంగతి తెలుస్తుంది.

కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు టైరు మీది బలం స్ట్రట్ ద్వారా టవర్‌కి చేరుతుంది. రేకు కంటికి కనిపించనంత వంగుతుంది. కానీ దానితోపాటు చక్రం వాలు, అంటే క్యాంబర్, మారుతుంది. టైరు రోడ్డుని పట్టుకునే తీరూ మారుతుంది. రెండు గోడల మధ్య దూలంలా బ్రేసు టవర్లని కలిపి, అవి దగ్గరవకుండా, దూరమవకుండా ఆపుతుంది.

"రెండు గోడలూ ఒకే పక్కకి ఒరిగితే?" అని అడిగింది మా చిన్నది. మంచి ప్రశ్నే! నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లల్ని గుండుసూదులతో చతురస్రంగా గుచ్చి నొక్కండి, ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకి ఇంకో పుల్ల గుచ్చండి, కదలదు. త్రిభుజం బలం అదే. అందుకే మంచి బ్రేసులు కొన్ని టవర్లని ఇంజను వెనకాల అడ్డుగోడకి కూడా కలుపుతాయి. 1965లో కేరల్ షెల్బీ ముస్టాంగ్‌ని మార్చి తయారుచేసిన జీటీ 350లో ఈ రెండూ ఉండేవి: టవర్ల మధ్య "మాంటే కార్లో బార్", టవర్ల నుంచి వెనక్కి "ఎక్స్‌పోర్ట్ బ్రేస్".

కొనేటప్పుడు మెరుపు చూడకండి, ఆకారం చూడండి. ఇంజను మీదుగా బాగా వంపు తిరిగిన సన్నటి గొట్టం స్ప్రింగులా సాగుతుంది. కొసల్లో కీళ్లున్నది కొంత పట్టు వదులుతుంది. తిన్నగా, మందంగా, ఒకే ముక్కగా ఉన్నది మేలు. దీనివల్ల హార్స్‌పవర్ పెరగదు, బ్రేకులు త్వరగా పడవు. కంపెనీవాళ్లే గట్టిగా కట్టిన కారులో తేడా అసలు తెలియకపోవచ్చు. టైర్లు అరిగి ఉంటే ముందు ఖర్చు పెట్టాల్సింది వాటి మీదే.

చివరగా ఒక హెచ్చరిక. బ్రేసు బిగించేటప్పుడు కారుని జాకీ మీద ఎత్తకండి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. టవర్ చుట్టూ ఉన్న నట్లు మాత్రమే విప్పాలి. నడిమధ్యలో ఉన్న పెద్ద నట్టుని ముట్టుకోవద్దు, నొక్కిపెట్టిన స్ప్రింగుని పట్టి ఉంచేది అదే. అది ఊడితే ప్రాణాపాయం. ఈ మాట పిల్లలకి రెంచి చేతికిచ్చే ముందే చెప్పండి.