థ్రాటిల్ స్ప్రింగ్: చేతికి తేలిక, మూసుకునే బలం

విషయక్రమం
6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 థ్రాటిల్ స్ప్రింగ్ చేసే పని
6.3 స్ప్రింగ్‌ను కోస్తే ఏమవుతుంది?
6.4 కేబుల్‌లో ఘర్షణ
6.5 లెక్క వేసి చూద్దాం
6.6 తేలిక చేసుకునే సరైన క్రమం
6.7 థ్రాటిల్ ఇరుక్కుంటే
6.8 సారాంశం
6.9 మీ సమాధానాలను సరిచూసుకోండి
6.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- థ్రాటిల్ స్ప్రింగ్ ఎందుకు ఉందో వివరించగలుగుతారు.
- స్ప్రింగ్ చుట్లు కోసినప్పుడు దాని బలం ఎలా మారుతుందో లెక్కించగలుగుతారు.
- ఎక్సలేటర్ బిగుతుకు కారణం స్ప్రింగా, ఘర్షణా అన్నది గుర్తించగలుగుతారు.
- మూసుకునే బలం తగ్గకుండా చేతికి తేలిక చేసుకునే పద్ధతులను చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

రెంజల్ నుంచి బోధన్‌కు, అక్కడి నుంచి నిజామాబాద్‌కు రోజూ బండి మీద పోయి వచ్చేవారు మీలో చాలామంది ఉంటారు. అంతసేపు ఎక్సలేటర్ తిప్పి పట్టుకుంటే మణికట్టు, బొటనవేలి మొదలు నొప్పి పెడతాయి. అప్పుడు మెకానిక్ దగ్గర వినిపించే మాట ఒకటే: "ఎక్సలేటర్ బిగుతుగుంది అన్నా, స్ప్రింగు జర కోసెయ్యి."

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పని చేయించాను. కొన్నాళ్లు హాయిగానే ఉంది. వానాకాలం దాటి, చెరకు బండ్లు ఫ్యాక్టరీకి వరస కట్టే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం ఎదురుగా చెరకు బండి కనబడి చేయి వదిలాను. నేను వదిలాను కానీ ఇంజను వదల్లేదు. క్లచ్ పట్టుకోవాలని తోచేలోపు బండి చెరకు గడల చివర్లదాకా వెళ్లింది. ఆ రోజు బతికి బయటపడ్డాను. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం తరువాత కాగితం మీద లెక్క వేసుకున్నాకే అర్థమైంది. ఆ లెక్కే ఈ భాగంలోని విషయం.

6.2 థ్రాటిల్ స్ప్రింగ్ చేసే పని

స్లైడ్ రకం కార్బురేటర్‌లో గాలిదారికి అడ్డంగా ఒక స్లైడ్ ఉంటుంది. మీరు గ్రిప్ తిప్పితే కేబుల్ ఆ స్లైడ్‌ను పైకి లాగుతుంది. స్లైడ్ మీద, కార్బురేటర్ మూత కింద ఒక సర్పిలాకార స్ప్రింగ్ ఉంటుంది. చేయి వదిలితే అది స్లైడ్‌ను కిందికి నెట్టి గాలిదారిని మూస్తుంది. ఒక ముఖ్య విషయం గమనించండి. తెరవడానికి మీ చేయి ఉంది. మూయడానికి ఉన్నది స్ప్రింగ్ ఒక్కటే. అది స్లైడ్‌తో పాటు కేబుల్‌ను, చివరన ఉన్న గ్రిప్‌ను కూడా వెనక్కి తిప్పాలి.

చేయి వదలగానే గ్రిప్ తనంతట తాను ఐడిల్ స్థితికి రావాలన్నది ఇష్టాయిష్టాల విషయం కాదు. అమెరికా మోటార్‌సైకిల్ నియంత్రణల భద్రతా ప్రమాణం (సంఖ్య 123) దానిని నియమంగానే పెట్టింది. కొన్ని బండ్లలో తెరవడానికి ఒకటి, మూయడానికి ఒకటి చొప్పున రెండు కేబుళ్లు పెట్టేది కూడా ఇందుకే. స్ప్రింగ్ చాలకపోతే చేత్తోనైనా మూయవచ్చు.

6.3 స్ప్రింగ్‌ను కోస్తే ఏమవుతుంది?

స్థితిస్థాపక అవధి లోపల స్ప్రింగ్ బలం దాని కుదింపుకు అనులోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో వివరించాడు.

స్ప్రింగ్ బలం = బల స్థిరాంకం × కుదింపు

బల స్థిరాంకం తీగ వ్యాసం నాలుగో ఘాతానికి అనులోమంగానూ, చుట్టు వ్యాసం మూడో ఘాతానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగానూ ఉంటుంది. చుట్లు తగ్గిస్తే స్థిరాంకం తగ్గదు, పెరుగుతుంది. అంటే కోసిన స్ప్రింగ్ నిజానికి మరింత గట్టిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని విలువలు లెక్క కోసం ఎంచుకున్నవి. స్ప్రింగ్‌కు 20 చుట్లు, స్వేచ్ఛా పొడవు 100 మి.మీ., బల స్థిరాంకం మి.మీ.కు 0.2 న్యూటన్లు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ పొడవు 60 మి.మీ. పూర్తిగా తెరిస్తే స్లైడ్ మరో 24 మి.మీ. పైకి వస్తుంది.

కోయక ముందు:
మూసినప్పుడు బలం = 0.2 × 40 = 8 న్యూటన్లు
తెరిచినప్పుడు బలం = 0.2 × 64 = 12.8 న్యూటన్లు

ఇప్పుడు 4 చుట్లు కోశాం. స్వేచ్ఛా పొడవు 80 మి.మీ. అయింది. చుట్లు 16 కావడంతో స్థిరాంకం 0.25 అయింది.

కోసిన తరువాత:
మూసినప్పుడు బలం = 0.25 × 20 = 5 న్యూటన్లు
తెరిచినప్పుడు బలం = 0.25 × 44 = 11 న్యూటన్లు

తెరిచినప్పుడు బలం 14 శాతమే తగ్గింది. మూసుకునే చివరి దశలో బలం 37 శాతానికి పైగా పడిపోయింది. మనం కోరుకున్న చోట లాభం కొంచెం, కోరని చోట నష్టం చాలా. తగ్గింది తొలి కుదింపు. గ్రిప్‌ను చివరిదాకా తెచ్చి మూసేది ఆ తొలి కుదింపే.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
పొడవు, చుట్ల సంఖ్య, చుట్టు వ్యాసం మార్చకుండా తీగ వ్యాసాన్ని 10 శాతం తగ్గిస్తే బల స్థిరాంకం ఎంత తగ్గుతుంది?

6.4 కేబుల్‌లో ఘర్షణ

బయట తొడుగు, లోపల ఉక్కు తీగ ఉండే ఈ కేబుల్‌ను బౌడెన్ కేబుల్ అంటారు. ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇది వంపులు తిరుగుతూ బలాన్ని మోయగలదు. అయితే ప్రతి వంపు దగ్గరా లోపలి తీగ తొడుగుకు ఒరుసుకుంటుంది.

దీని ప్రభావం మీకు తెలిసిన అనుభవమే. బలమైన ఎద్దు పలుపుతాడును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే చిన్న పిల్లవాడైనా ఆపగలడు. ఆపేది పిల్లవాడి బలం కాదు, తాడుకూ గుంజకూ మధ్య ఘర్షణ. చుట్టు పెరిగేకొద్దీ ఈ ప్రభావం కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. కేబుల్ వంపులదీ ఇదే సూత్రం. వంపులన్నీ కలిపి 180 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఘర్షణ గుణకం 0.1 అయితే (శుభ్రమైన కేబుల్) రెండు చివర్లలో బలాల నిష్పత్తి సుమారు 1.37. అది 0.3 అయితే (తుప్పు, దుమ్ము పట్టిన కేబుల్) నిష్పత్తి సుమారు 2.57.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మీరు తెరిచేటప్పుడు స్ప్రింగ్ బలాన్ని ఈ నిష్పత్తితో గుణించాలి. అది మూసుకునేటప్పుడు అదే నిష్పత్తితో భాగించాలి. ఘర్షణ ఎప్పుడూ చలనానికి ఎదురే కాబట్టి వెళ్లేటప్పుడు మీ చేతికి, వచ్చేటప్పుడు స్ప్రింగ్‌కు అడ్డు పడుతుంది.

6.5 లెక్క వేసి చూద్దాం

పై రెండు ఉదాహరణలను కలిపి, కేబుల్ గ్రిప్ వైపు చివర బలాలు న్యూటన్లలో ఎంత ఉంటాయో చూడండి.

| స్థితి | పూర్తిగా తెరవడానికి కావలసిన బలం | మూసుకునే చివర మిగిలే బలం |
|---|---|---|
| అసలు స్ప్రింగ్, తుప్పు కేబుల్ | 32.8 | 3.1 |
| కోసిన స్ప్రింగ్, తుప్పు కేబుల్ | 28.2 | 1.9 |
| అసలు స్ప్రింగ్, శుభ్రమైన కేబుల్ | 17.5 | 5.8 |

రెండో వరసను, మూడో వరసను పోల్చండి. స్ప్రింగ్ కోస్తే చేతికి మిగిలింది నాలుగున్నర న్యూటన్లు. కేబుల్ బాగు చేస్తే మిగిలింది పదిహేను న్యూటన్లు, అంటే దాదాపు సగం భారం. పైగా మూసుకునే బలం తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది.

ఇప్పుడు గ్రిప్ సంగతి. హ్యాండిల్ గొట్టానికీ గ్రిప్‌కూ మధ్య మట్టి చేరి 2.5 న్యూటన్ల అడ్డు ఏర్పడిందనుకుందాం. మొదటి వరసలో 3.1 మిగిలింది కాబట్టి గ్రిప్ ఎలాగో మూసుకుంటుంది. రెండో వరసలో మూసుకోదు. లెక్క ప్రకారం స్లైడ్ ఇంకా 5.7 మి.మీ. తెరిచి ఉండగానే ఆగిపోతుంది. అంటే మీరు చేయి వదిలేసినా ఇంజను దాదాపు పావు థ్రాటిల్ మీద లాగుతూనే ఉంటుంది. చెరకు బండి వెనక నాకు జరిగింది ఇదే. స్ప్రింగ్ కోసిన రోజున కేబుల్ ఇంకా కొంత నునుపుగా ఉంది కాబట్టి లోపం బయటపడలేదు. వానలకు తుప్పు, కోతల కాలానికి దుమ్ము చేరాయి. స్ప్రింగ్‌లో అసలు ఉంచిన అదనపు బలం ఆ రోజు కోసమే. దానిని నేను ముందే కోయించేశాను.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
కోసిన స్ప్రింగ్, శుభ్రమైన కేబుల్ ఉంటే పట్టికలోని రెండు విలువలు ఎంత?

6.6 తేలిక చేసుకునే సరైన క్రమం

ముందుగా కొలవండి. ఇంజను ఆపి, గ్రిప్ చుట్టూ దారం చుట్టి, దానికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగండి. ఒక కిలో అంటే సుమారు 9.8 న్యూటన్లు. తరువాత కార్బురేటర్ వైపు కేబుల్ విడదీసి గ్రిప్‌ను మాత్రమే తిప్పండి. స్ప్రింగ్ లేకపోయినా బిగుతుగా ఉందంటే తప్పు స్ప్రింగ్‌ది కాదు. ఆ తరువాత ఈ వరసలో చేయండి.

1. గ్రిప్ విప్పి, హ్యాండిల్ గొట్టాన్ని శుభ్రం చేయండి. గ్రిప్ రబ్బరు చివర హ్యాండిల్ చివరి బరువుకు ఒరుసుకోకుండా చూడండి.

2. కేబుల్‌ను పరీక్షించండి. లోపలి తీగలో ఒక్క పోగు తెగినా కొత్త కేబుల్ వేయండి. మామూలు కేబుల్‌లో పలుచని నూనె చుక్కలు చుక్కలుగా రెండో చివర వచ్చేదాకా వదలండి. లోపల ప్లాస్టిక్ లైనర్ ఉన్న కేబుల్‌లో గ్రీజు పెట్టకండి, అది దుమ్మును పట్టి ఉంచుతుంది.

3. కేబుల్ దారిని సరిచేయండి. వంపుల మొత్తం కోణం తగ్గితే ఘర్షణ వేగంగా తగ్గుతుంది. ట్యాంకు కింద నలిగిన చోటు, హెడ్‌లైట్ దగ్గర మడత పడిన చోటు చూడండి.

4. కాస్త లావు గ్రిప్ వేయండి. వ్యాసార్ధం 16 మి.మీ. నుంచి 18 మి.మీ. అయితే అదే బలభ్రామకానికి వేళ్ల బలం 11 శాతం తగ్గుతుంది. స్ప్రింగ్ మీద దీని ప్రభావం ఏమీ లేదు.

5. ఇవన్నీ చేసినా చాలకపోతేనే స్ప్రింగ్ మాట. అప్పుడు కూడా కోయకూడదు, సాగదీయకూడదు, వేడి చేయకూడదు. మీ కార్బురేటర్‌కు సరిపడేలా తయారైన తక్కువ స్థిరాంకం గల స్ప్రింగ్‌నే వాడాలి. తొలి కుదింపు తగినంత ఉండాలి.

కొన్ని రకాల్లో స్ప్రింగ్ జోలికే పోవద్దు. వాక్యూమ్ రకం కార్బురేటర్‌లో డయాఫ్రమ్ మీది స్ప్రింగ్ మీ చేతి బిగుతుకు సంబంధించినది కాదు. దానిని మారిస్తే గాలి, పెట్రోలు పాళ్లు చెడతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో వచ్చిన బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. వాటి థ్రాటిల్ బాడీలో మెలి స్ప్రింగ్, స్థానం తెలిపే సెన్సర్ కలిసి అమర్చి ఉంటాయి. అక్కడ కేబుల్, గ్రిప్ వరకే మీ పని.

పని ముగిశాక పరీక్ష తప్పనిసరి. ఇంజను ఆపి ఉంచి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, మధ్యకు, పూర్తిగా కుడికి తిప్పి, ప్రతి చోటా గ్రిప్‌ను పావు, సగం, పూర్తిగా తెరిచి వదలండి. తొమ్మిదిసార్లూ టక్కున మూసుకోవాలి. ఒక్కసారి నెమ్మదించినా బండి రోడ్డెక్కకూడదు. తరువాత బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఇంజనును ఐడిల్‌లో నడుపుతూ హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. శబ్దం పెరిగితే కేబుల్‌కు తగినంత వదులు లేదని అర్థం.

6.7 థ్రాటిల్ ఇరుక్కుంటే

క్లచ్ పట్టండి. ఇంజను అరుస్తుంది, అరవనివ్వండి. రెండు బ్రేకులు వేస్తూ ఇంజను ఆపే స్విచ్ నొక్కండి. స్విచ్ లేని బండిలో తాళం చెవిని ఆఫ్ వరకే తిప్పండి, హ్యాండిల్ లాక్ వైపు పోనివ్వకండి. గేర్లు లేని స్కూటర్‌కు క్లచ్ లివర్ ఉండదు కాబట్టి ఇంజను ఆపడమే మొదటి పని. ఈ వరసను బండి నిలిపి ఉన్నప్పుడే నాలుగుసార్లు చేసి చేతికి అలవాటు చేయండి.

6.8 సారాంశం

థ్రాటిల్‌ను తెరవడానికి చేయి ఉంది, మూయడానికి స్ప్రింగ్ ఒక్కటే ఉంది. చుట్లు కోస్తే బల స్థిరాంకం పెరిగి, తొలి కుదింపు తగ్గుతుంది. అందువల్ల చేతికి లాభం తక్కువ, మూసుకునే బలానికి నష్టం ఎక్కువ. కేబుల్ ఘర్షణ తెరిచేటప్పుడు గుణకంగా, మూసుకునేటప్పుడు భాజకంగా పనిచేస్తుంది. కాబట్టి తేలికను స్ప్రింగ్‌లో కాక ఘర్షణలో వెతకాలి.

6.9 మీ సమాధానాలను సరిచూసుకోండి

1. 0.9 నాలుగో ఘాతం సుమారు 0.656. స్థిరాంకం సుమారు 34 శాతం తగ్గుతుంది.
2. తెరవడానికి 15.1 న్యూటన్లు, మూసుకునే చివర 3.7 న్యూటన్లు. అసలు స్ప్రింగ్‌తో పోలిస్తే చేతికి తగ్గింది రెండున్నర న్యూటన్లే.

6.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. స్ప్రింగ్ చుట్లు కోస్తే అది మెత్తబడుతుందన్న అభిప్రాయం ఎందుకు సరికాదో ఉదాహరణతో వివరించండి.
2. కేబుల్ ఘర్షణ తెరిచే బలాన్నీ, మూసుకునే బలాన్నీ ఎలా మారుస్తుంది?
3. మీ ఇంట్లోని బండికి తొమ్మిదిసార్ల మూసుకునే పరీక్ష చేసి, ఫలితాలను పట్టికగా రాయండి. లోపం కనిపిస్తే అది గ్రిప్‌దా, కేబుల్‌దా, స్ప్రింగ్‌దా కారణాలతో తెలపండి.