డ్రమ్ అండ్ బేస్ సంగీతానికి సింథసైజరు: కొనేముందు ఒక మాట



సాంచాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి మహారాష్ట్రలోని భీవండికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు మనలో చాలామందికి బంధువులే. అక్కడి పద్మనగర్‌లో మన పద్మశాలీలు తరాలుగా ఉంటున్నారు. పగలు సాంచా నడిపే కుర్రవాడికి రాత్రి సంగీతం మీద మనసు పోవడంలో వింత లేదు. పరుగెత్తే డ్రమ్ములు, గుండెల్లో మోగే బేస్ విని, తానూ అలాంటిది చెయ్యాలనుకుంటాడు. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ఏ సింథసైజరు కొనాలి? అప్పు చేసి తెచ్చిన పెట్టె మూలన పడితే పోయేది నెలల కష్టం. కాబట్టి మీ ఇంట్లో అలాంటి కుర్రవాడుంటే ఈ నాలుగు మాటలూ వినిపించండి.

డ్రమ్ అండ్ బేస్ అనే ఈ సంగీతం 1990 దశకం మొదట్లో ఇంగ్లండులో, లండన్, బ్రిస్టల్ వంటి నగరాల్లో రూపు దిద్దుకుంది. 1997లో రోనీ సైజ్ బృందం, 1999లో తబలా వాద్యకారుడు తల్విన్ సింగ్, ఈ బాణీలో చేసిన ఆల్బములకు ఆ దేశపు మెర్క్యురీ బహుమతి అందుకున్నారు. దీని వేగం నిమిషానికి 160 నుంచి 180 దెబ్బలు. ఎక్కువ పాటలు 174 దగ్గర నడుస్తాయి. మామూలు సాంచాలో నాడె నిమిషానికి నూరు నుంచి నూట యాభై సార్లు అటూ ఇటూ పోతుంది. అంటే డ్రమ్ములు సాంచా కంటే వేగంగా కొట్టుకుంటాయి. కింద బేస్ మాత్రం అందులో సగం వేగంతో, నిదానంగా నడుస్తుంది. ఈ రెండింటి తేడాలోనే దీని రుచి ఉంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇందులోని డ్రమ్ములు చాలావరకు సింథసైజరులో పుట్టినవి కావు. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం 'అమెన్, బ్రదర్' అనే పాట రికార్డు చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన సుమారు 7 సెకన్ల డ్రమ్ముల ముక్కను తీసుకొని, వేగం పెంచి, ముక్కలు ముక్కలుగా కోసి, వేల పాటల్లో వాడుకున్నారు. ఆయన 2006లో కన్నుమూశారు. ఆ వాడకం వల్ల ఆయనకు రాయల్టీ ఏమీ ముట్టలేదు. ఒకరి చెమటను ఊరికే వాడుకోకూడదు గనుక, హక్కుల చిక్కులేని డ్రమ్ముల శబ్దాలనే తీసుకోండి. లేదా మీ వాడకట్టులోని డప్పునే, వాయించేవారిని అడిగి, సెల్‌ఫోనులో రికార్డు చేసుకోండి. కాబట్టి డ్రమ్ముల కోసం సింథసైజరు కొననక్కర లేదు. అది కావలసింది బేస్ కోసం.

ఈ బేస్ ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది సబ్ బేస్. సెకనుకు సుమారు 40 నుంచి 60 కంపనాలుండే లోతైన, నున్నని నాదం. ఏ చిన్న సింథసైజరైనా దీన్ని పుట్టించగలదు. రెండవది రీస్ బేస్. 1988లో డెట్రాయిట్ సంగీతకారుడు కెవిన్ సాండర్సన్, రీస్ అన్న పేరుతో, ఒక కాసియో కీబోర్డు మీద చేసిన నాదం ఇది. ఆ పేరే దీనికి నిలిచిపోయింది.

రీస్ ఎలా పనిచేస్తుందో సాంచాల షెడ్డులో నిలబడి వినేవారికి తేలికగా తెలుస్తుంది. పక్కపక్కనున్న రెండు సాంచాలు కొద్దిపాటి వేగం తేడాతో ఆడుతుంటే, వాటి చప్పుళ్ళు ఒకసారి కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి, మళ్ళీ కలుస్తాయి. సింథసైజరులో నాదాన్ని పుట్టించే భాగాన్ని ఆసిలేటర్ అంటారు. ఒక ఆసిలేటరు సెకనుకు 55 కంపనాలు, మరొకటి 56 కంపనాలు ఇస్తే, నాదం సెకనుకు ఒకసారి ఉబ్బి తగ్గుతుంది. బేస్ ప్రాణం ఉన్నట్టు కదిలేది అందువల్లనే.

కనుక మీరు ఎంచుకునే సింథసైజరులో నాలుగు ఉండాలి. ఒకటి, శ్రుతి విడివిడిగా మార్చుకోగల రెండు ఆసిలేటర్లు. రెండు, పదునును తగ్గించి నాదాన్ని మెత్తబరిచే ఫిల్టర్. మూడు, నాదం ఎంత త్వరగా లేవాలో, ఎంత సేపట్లో ఆగాలో నిర్ణయించే ఎన్వలప్. నాలుగు, ఫిల్టరును తాళానికి తగ్గట్టు దానంతట అదే కదిలించే ఎల్‌ఎఫ్‌ఓ. ఈ నాలుగూ ఉంటే మొదటి సంవత్సరానికి ఇంకేమీ అక్కరలేదు.

దుకాణంలో వందల వాద్యాల శబ్దాలు, తయారు తాళాలు ఉన్న కీబోర్డు చూపిస్తారు. పెళ్ళి బ్యాండుకు, పాటకచేరీకి అది చక్కగా పనికొస్తుంది. కాని అందులో నాదాన్ని మొదటి నుంచి మలచుకొనే వీలు సాధారణంగా తక్కువ. రెండు ఆసిలేటర్ల శ్రుతి కొద్దిగా తప్పించి చూపమని అడగండి. చూపలేకపోతే నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇంట్లో పాత కంప్యూటరు ఉంటే మీ పని సగం అయినట్టే. 2020లో వచ్చిన వైటల్, అందరూ కలిసి తయారుచేస్తున్న సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్టువేరు సింథసైజర్లు ఉచితంగా దొరుకుతాయి. వైటల్‌లో ఉచిత రకమే మీకు చాలు. పైన చెప్పిన నాలుగూ రెండింటిలోనూ ఉన్నాయి. వైటల్‌లో తరంగం కళ్ళకు కనబడుతుంది గనుక నేర్చుకొనేవారికి అది తేలిక. వీటిని నడపడానికి, పాటను కూర్చడానికి రీపర్ అనే ప్రోగ్రాము ఉంది. దాన్ని 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడవచ్చు. సెల్‌ఫోను మాత్రమే ఉన్నవారు ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్‌తో మొదలుపెట్టవచ్చు.

చేతితో మీటలు తిప్పాలన్న కోరిక బలంగా ఉంటే, కోర్గ్ కంపెనీ 2013లో తెచ్చిన వోల్కా బేస్ చిన్నది. మూడు ఆసిలేటర్లు ఉన్నాయి, రీస్ పలుకుతుంది. కాని ఆరు నెలలు ఉచిత సాఫ్టువేరు మీద పనిచేసి, రెండు మూడు పాటలు పూర్తి చేశాకే దాని సంగతి ఆలోచించండి.

డబ్బు మొదట పెట్టవలసింది హెడ్‌ఫోనుల మీద. సెల్‌ఫోను స్పీకరులో సబ్ బేస్ దాదాపు వినిపించదు. వినిపించని దాన్ని సరిదిద్దలేం కదా. చెవి మొత్తం కప్పే, తీగ ఉన్న హెడ్‌ఫోను తీసుకోండి. చిన్న గదిలో అందరూ పడుకున్నప్పుడు పని చేసుకోవడానికీ అదే దారి.

ఇక్కడ సాంచాల మీద పనిచేసేవారు ఒక సంగతి మరవకూడదు. షెడ్డులో చప్పుడు తరచు 90 డెసిబెల్సు దాటుతుంది. మన దేశపు నియమాల ప్రకారం 8 గంటల పనికి అదే హద్దు. భీవండిలో షిఫ్టు తరచు పన్నెండు గంటలు. షిఫ్టు దిగాక కొన్ని గంటలపాటు చెవి మందగిస్తుంది. ఆ సమయంలో హెడ్‌ఫోను పెట్టుకుంటే, తెలియకుండానే శబ్దం పెంచుతారు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 కంపనాల ప్రాంతంలో మొదలవుతుంది. డ్రమ్ముల స్పష్టత ఉండేదీ అక్కడే. అందుచేత షెడ్డులో చెవులకు ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. పాట పని నిద్ర లేచాక చేయండి. హెడ్‌ఫోను ఉన్నా, పక్కన మనిషి పిలిస్తే వినబడేంత శబ్దమే ఉంచండి. సింథసైజరు పోతే ఇంకొకటి వస్తుంది, చెవి రాదు.

చివరగా ఒక మాట. భీవండికి దగ్గరలోని బొంబాయిలో, సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలతో పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు తెచ్చారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయి విన్నది. ఆయన దగ్గర ఉన్నవి నాటి కొత్త యంత్రాలే, కాని వాటిలో వినిపించింది ఆయన ఎరిగిన రాగం. మీకూ ఎరుకైన చప్పుళ్ళు, ఎరుకైన పాటలు ఉన్నాయి. ఒక్క సింథసైజరును పట్టుకొని, దాని నాలుగు భాగాలూ చేతికి అలవాటయ్యేదాకా వాడండి. రెండవది కొనాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది.