మానవ తప్పిదం – ప్రమాద నివారణ

ఉత్తర తెలంగాణలో గోదావరికి ఇరుపక్కలా నేల అడుగున బొగ్గు పొరలు విస్తరించి ఉన్నాయి. దక్షిణపు గట్టున పూర్వపు కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖని, ఉత్తరపు గట్టున పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఆ పొరల మూలంగానే పట్టణాలయ్యాయి. ఇక్కడి ప్రజల నోట బొగ్గుగని అనే మాట అరుదు. వారికి అది 'బాయి'. ఈ బాయిల చరిత్రలో 2003 విషాద వత్సరం. ఆ ఏడు జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తగా 17 మంది కార్మికులు అసువులు బాశారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఎ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది మరణించారు.

ఇటువంటి దుర్ఘటన జరిగిన వెంటనే వినిపించే ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? బాధలో ఉన్నవారు ఆ ప్రశ్న అడగడం న్యాయమే. అయితే దానికి దొరికే సమాధానం ఒక వ్యక్తి పేరు మాత్రమే. ఆ వ్యక్తిని తొలగించి, అదే చీకటిలో, అదే హడావుడిలో, అదే పనికి మరొకరిని నియమిస్తే ఆ తప్పు తిరిగి జరగదన్న హామీ ఏమీ లేదు. అందుచేత రెండవ ప్రశ్న అవసరమవుతుంది. ఆ తప్పు జరగడానికి వీలెలా కలిగింది? జరిగిన తప్పును ఎవరూ ఎందుకు పట్టుకోలేకపోయారు? ఈ ప్రశ్నలను లోతుగా పరిశీలించిన రంగాలలో విమానాల మరమ్మతు రంగం ముఖ్యమైనది. ఆకాశంలో ఉన్న విమానాన్ని పక్కకు ఆపి బాగుచేసుకునే అవకాశం లేదు కదా!

1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 17,300 అడుగుల ఎత్తుకు చేరేసరికి కెప్టెన్ ఎదుట ఉన్న అద్దం ఊడిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా వెలుపలికి తన్నడంతో కెప్టెన్ నడుము వరకు బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లను గట్టిగా పట్టుకొని ఉండగా, సహ పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో క్షేమంగా దింపాడు. అదృష్టవశాత్తు కెప్టెన్‌తో సహా అందరూ బ్రతికారు. విచారణలో తేలిన కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అంతకు ముందు రోజు తెల్లవారుజామునే ఆ అద్దాన్ని కొత్తగా బిగించారు. దానికి వాడిన 90 బోల్టులలో 84 బోల్టుల మందం కావలసినదానికంటే మిల్లీమీటరులో సుమారు మూడింట రెండు వంతులు తక్కువ!

ఆ బోల్టులు బిగించినవాడు అజాగ్రత్తపరుడు కాడు. ఎంతో అనుభవమున్న ఉద్యోగి. ఊడదీసిన పాత బోల్టును చేత పట్టుకొని, సామాను గదిలో మసక వెలుతురులో, కంటితో పోల్చి కొత్తవి ఎంచుకున్నాడు. విడిభాగాల పట్టికను తెరిచి సంఖ్య సరిచూడలేదు. సామాను గదిలోని ఉద్యోగి సరైన కొలత చెప్పినా ఆ మాట మీద నిలబడలేదు. నిలబడి పనిచేయడానికి వేసిన వేదిక అద్దానికి సరిగా అందే చోట లేదు. పక్కకు వంగి, బోల్టు తల ఎలా కూర్చున్నదో కనిపించని స్థితిలో పని ముగించవలసి వచ్చింది. ఆ అద్దం బిగింపును రెండవ వ్యక్తి తనిఖీ చేయాలన్న నియమమే లేదు. రాత్రి జాము, మసక వెలుతురు, అందని వేదిక, లేని తనిఖీ – వీటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా ఆ విమానం అలా ఎగిరి ఉండేది కాదు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రాచార్యుడు జేమ్స్ రీజన్ ఈ విషయాన్ని ఒక పోలికతో వివరించాడు. ఆయన చెప్పినది చిల్లులున్న జున్ను ముక్కల పోలిక. మన పల్లెల భాషలో చెప్పాలంటే ఒకదాని వెనుక ఒకటి నిలిపిన చిల్లుల తడికలు అనుకోవచ్చు. ఒక తడికలోని చిల్లు గుండా దూరిన గాలిని వెనుక ఉన్న తడిక ఆపుతుంది. అన్ని తడికల చిల్లులూ ఒకే వరుసలోకి వచ్చిన క్షణాన ప్రమాదం లోపలికి వస్తుంది. మనుషుల పొరపాట్లన్నీ ఒకే జాతివి కావని కూడా ఆయన చూపాడు. ఒక మీట నొక్కబోయి పక్క మీట నొక్కడం చేతి జారుపాటు. చేయవలసిన పనిలో ఒక మెట్టు విడిచిపెట్టడం మతిమరపు. సరైనదనుకొని తప్పు నిర్ణయమే తీసుకోవడం ఇంకొకటి. తెలిసి తెలిసి నియమాన్ని దాటడం వీటన్నింటికంటె భిన్నమైనది. మతిమరపునకు మందలింపు మందు కాదు. చేతిలో ఒక పట్టిక పెట్టి, ఒక్కొక్క మెట్టుకు గుర్తు వేయిస్తే ఫలితం ఉంటుంది. నియమోల్లంఘనకు పట్టిక చాలదు. కార్మికుడు ఆ నియమాన్ని ఎందుకు దాటుతున్నాడో, ఉత్పత్తి లక్ష్యమే అతనిని తరుముతున్నదేమో చూడాలి.

కొన్ని తప్పులు జరిగిన నాడే బయటపడవు. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 520 మంది మరణించారు. దానికి మూలం 1978లో తోకభాగంలోని గోడకు చేసిన మరమ్మతు. రెండు వరుసల రివెట్లు పట్టి ఉండవలసిన చోట ఒక్క వరుసే పట్టింది. ఆ దోషం ఏడేళ్లు నిద్రాణంగా ఉండి, వేల ప్రయాణాలు చేయనిచ్చి, చివరకు ప్రాణాలు తీసింది.

బొగ్గుగనిలో ఇటువంటి నిద్రాణ దోషానికి నిలయం పాత గని పటం. తవ్వి వదిలేసిన పనిస్థలాలలో ఏళ్ల తరబడి నీరు చేరుతుంది. అవి ఎంతవరకు విస్తరించాయో పటంలో సరిగా లేకపోతే, పక్కన కొత్తగా తవ్వేవారికి తమకూ ఆ నీటికీ నడుమ ఉన్న బొగ్గు గోడ ఎంత మందమో తెలియదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపాన ఉన్న చాస్నాలా గనిలోకి పాత పనుల నీరు విరుచుకుపడి 375 మంది జలసమాధి అయ్యారు. పటం తప్పు కావచ్చుననే అనుమానం మీదనే ఒక నియమం ఏర్పడింది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు, నీరు లేదని రూఢి కాని పాత పనులకు 60 మీటర్ల లోపు చేరినప్పుడు వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా ముందుకు సాగరాదన్నాయి. అనుమతి వచ్చిన తరువాత కూడా తవ్వకానికి కనీసం 3 మీటర్లు ముందుగా సన్నని రంధ్రం వేసి చూస్తూ పోవాలి. అవతల నీరుంటే ముందుగా ఆ చిన్న రంధ్రంలో నుంచే కనబడుతుంది. పటం గీసిన మనిషి పొరపడినా తవ్వే మనిషి బ్రతకాలన్నది ఈ నియమంలోని ఉద్దేశం.

పైకప్పు విషయంలో తడిక మరో రకం. సర్దార్ కర్రతో పైకప్పును తట్టి శబ్దం వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి డప్పులా బోలుగా మ్రోగుతుంది. ఈ విద్య పుస్తకంలో దొరకదు, చెవికి అలవడాలి. ఎంత నేర్పు ఉన్నా నేల తన రహస్యాన్ని అంతా విప్పదు. 2022 మార్చి 7న రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. వారిలో భద్రతను పర్యవేక్షించే అధికారి కూడా ఉన్నారు.

షిఫ్టు మారే వేళ మరొక చిల్లు తెరుచుకుంటుంది. ఒకరు సగం చేసిన పనిని మరొకరు అందుకునేటప్పుడు, వెళ్లేవాడు చెప్పిందే వచ్చేవాడికి తెలుస్తుంది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద, కవాటం విప్పి ఉన్న పంపును రాత్రిపాళీ వారు ఆ సంగతి తెలియక నడిపించారు. 167 మంది బలయ్యారు. విప్పిన సంగతి కాగితం మీద ఉంది. కాగితం మాత్రం చేతులు మారలేదు.

ఇదే ఏర్పాటు పల్లె పల్లెకూ తెలిసిన రూపంలో కరెంటు స్తంభాల దగ్గర కనిపిస్తుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ నుండి 'ఎల్.సి.' తీసుకుంటాడు. అంటే ఫలానా లైనుకు సరఫరా నిలిపామనీ, తిరిగి చెప్పేదాకా ఇవ్వబోమనీ మాట. ఆ మాట ఫోనులో సాగితే, ఒక ఫీడరు పేరు బదులు మరొకటి వినబడవచ్చు. ఇద్దరు లైన్‌మన్లు ఒకే లైను మీద ఉండగా ఒకరు పని ముగిసిందని చెబితే ఆపరేటర్ సరఫరా ఇచ్చేయవచ్చు. అందుకే చెప్పినది తిరిగి చెప్పించుకోవాలి, పుస్తకంలో పేరు, సమయం వ్రాయాలి, లైన్‌మన్ తాను పనిచేసే చోటుకు ఇరువైపులా తీగలను భూమికి కలిపి ఆపైన చేయి పెట్టాలి. కర్మాగారాలలో దీనికి మరో కట్టుదిట్టం ఉన్నది. యంత్రం మీద ఎందరు పనిచేస్తే స్విచ్చుకు అన్ని తాళాలు. ఎవరి తాళం చెవి వారి జేబులోనే.

ఇవన్నీ ఉన్నా, ప్రమాదం తృటిలో తప్పిన సంగతి ఎవరూ చెప్పకపోతే చిల్లు ఎక్కడుందో తెలియదు. చెబితే శిక్ష పడుతుందన్న భయం ఉన్నచోట ఎవరూ చెప్పరు. 1976 నుండి అమెరికాలో విమాన సిబ్బంది తమ పొరపాట్లను నాసా సంస్థకు తెలిపే ఏర్పాటు నడుస్తున్నది. అందులో తెలిపినవారి పేర్లు తొలగిస్తారు. దీని అర్థం ఏ తప్పుకూ శిక్ష లేదని కాదు. మద్యం సేవించి పనికి వచ్చినవాడినీ, అలసటలో ఒక బోల్టు మరచినవాడినీ ఒకే గాటన కట్టరాదని మాత్రమే. మన గనులలోనూ 100 మందికి మించి పనిచేసే చోట భద్రతా కమిటీ ఉండాలన్న నియమం 1955 నాటి గనుల నియమాలలో చేరింది. ఆ కమిటీలో కార్మికుల ప్రతినిధి కూర్చుంటాడు. పైకప్పు శబ్దం మారిందని మొదట విన్నవాడు సాధారణంగా అతని తోటివాడే. ఆ మాట కమిటీ పుస్తకానికి ఎక్కిందా, ఎక్కిన తరువాత అక్కడ కొత్త దిమ్మె నిలబెట్టారా అన్నది మరుసటి షిఫ్టు దిగేలోగా తేలవలసిన సంగతి.