మీకు తెలుసా? ఎండ మండినా అందని విటమిన్

ఎండలు మండే ఢిల్లీలో విటమిన్ డి కొరత కూడా ఎక్కువే. చర్మం దీన్ని తయారు చేసుకోవాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలాలి. పొగ, దుమ్ము వాటిని అడ్డుకుంటాయి. 2002లో వెలువడిన అధ్యయనంలో, కాలుష్యం ఎక్కువగా ఉన్న ఢిల్లీలోని మోరీ గేట్ ప్రాంతపు పసిపిల్లల రక్తంలో ఈ విటమిన్ సగటున మిల్లీలీటరుకు 12.4 నానోగ్రాములే, కాలుష్యం తక్కువగా ఉన్న గుర్‌గావ్ పిల్లల్లో 27.1.

ఇక పెద్దల సంగతి. అమెరికాలో 1,658 మంది వృద్ధులను పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ విటమిన్ తీవ్ర కొరత ఉన్నవారికి మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువ. అయితే కొరతే కారణమని రుజువు కాలేదు. జబ్బుతో గడప దాటకపోయినా విటమిన్ తగ్గుతుంది. మాత్రలతో మతిమరుపు తగ్గుతుందనీ తేలలేదు. ఎముకలకు మాత్రం ఇది తప్పనిసరి. అయినా డాక్టర్ చెప్పిన మోతాదే వాడాలి.