పార్సిల్ బండిలో రెండో మనిషి: అపోహలు – వాస్తవాలు

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్. మర్నాడు బ్లాక్ ఫ్రైడే, ఆ పై సోమవారం సైబర్ మండే. అక్కడి నుంచి క్రిస్మస్ దాకా దేశమంతా పార్సిళ్లే. మిగతా ఏడాదంతా డ్రైవర్ ఒక్కడే నడిపి, ఒక్కడే మోసే బండిలోకి ఆ నెలా నెలన్నర పాటు రెండో మనిషి ఎక్కుతాడు. ఆయనే డ్రైవర్ హెల్పర్. 2024 సీజనుకు 1,25,000 మందికి పైగా తాత్కాలిక సిబ్బందిని తీసుకుంటామని పార్సిల్ కంపెనీ యూపీఎస్ ప్రకటించింది. గోదాములో పెట్టెలు సర్దేవాళ్లు, డ్రైవర్లు, హెల్పర్లు అంతా ఆ లెక్కలోకే వస్తారు.

చలికాలం దగ్గరపడేసరికి ఈ ఉద్యోగాల ప్రకటనలు అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతాయి. వాటి వెంటే సగం తెలిసిన సలహాలూ వస్తాయి. ‘ఏముంది, పక్కన కూర్చోవడమే’ అని కొందరు చులకన చేస్తే, ‘నెల రోజుల పనే కదా, ఎవరు అడుగుతారు’ అని కొందరు ధైర్యం చెబుతారు. మొదటి మాట నమ్మితే నడుం పట్టేస్తుంది. రెండోది నమ్మితే వీసాకే ముప్పు.

అపోహ: బండి నడపాలి కాబట్టి అమెరికా లైసెన్సు ఉండాల్సిందే.

వాస్తవం: హెల్పర్ స్టీరింగు ముట్టుకోడు. ప్రకటనల్లో మూడు రకాల ఉద్యోగాలు పక్కపక్కనే కనిపించడం వల్ల ఈ గందరగోళం. కంపెనీ బండి నడిపేవాడు సీజనల్ డ్రైవర్. సొంత కారులో పార్సిళ్లు పంచేవాడు పర్సనల్ వెహికల్ డ్రైవర్. ఈ ఇద్దరికీ లైసెన్సు కావాలి, రెండో ఆయనకు కారు బీమా కూడా ఉండాలి. హెల్పర్‌కు 18 ఏళ్లు నిండి, ఆ దేశంలో పని చేసే హక్కు ఉంటే చాలు.

అయితే ఒక చిక్కుంది. హెల్పర్ చాలాసార్లు డిపోకు వెళ్లడు. డ్రైవర్ తన రూటులోనే ఏదో దుకాణం పార్కింగు దగ్గరికో, పెట్రోలు బంకు దగ్గరికో రమ్మంటాడు. బస్సులు అంతంతమాత్రంగా ఉండే శివార్లలో అక్కడికి చేరడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం హెల్పర్ సొంత బాధ్యత. ఉద్యోగానికి లైసెన్సు అడగకపోయినా, వెళ్లి రావడానికి ఒక దారి ముందే చూసుకోవాలి.

అపోహ: మన లారీ క్లీనర్ లాంటి పనే, డ్రైవర్ పక్కన కూర్చుని తిరగడమే.

వాస్తవం: కూర్చోవడానికి ఒక మడత సీటు ఉంటుంది, బెల్టు కూడా ఉంటుంది. కానీ ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధుల్లో ఆ సీటు వెచ్చబడేలోపే మళ్లీ దిగాల్సి వస్తుంది.

హెల్పర్ ఎందుకు అవసరమో తెలిస్తే పని ఎలా ఉంటుందో అర్థమవుతుంది. పార్సిల్ డ్రైవర్ సమయం రోడ్డు మీద కంటే ఆగినచోటే ఎక్కువ ఖర్చవుతుంది. అరల్లో పెట్టె వెతకాలి, చేతిలోని యంత్రంతో స్కాన్ చేయాలి, గుమ్మం దాకా నడవాలి, తిరిగి రావాలి. యూపీఎస్ బండిలో ప్రతి పెట్టె మీదా అది ఏ అరలో ఉండాలో తెలిపే నంబరు చీటీ ఉంటుంది. హెల్పర్ గుమ్మం దాకా వెళ్లొచ్చేలోపు డ్రైవర్ ఆ నంబర్లు చూసి తర్వాతి ఇంటి పెట్టెలు తీసి పెట్టుకుంటాడు. ఇలా ఒకరి నడక, ఇంకొకరి వెతుకులాట ఒకేసారి సాగితేనే రెండో మనిషికి ఇచ్చే కూలి గిట్టుబాటవుతుంది. అపార్ట్‌మెంట్ల దగ్గరైతే హెల్పర్‌ను ఒక తోపుడు బండి నిండా పెట్టెలతో దింపి, డ్రైవర్ పక్క వీధి చూసుకుని రావడమూ ఉంది.

అపోహ: హెల్పర్ వస్తే డ్రైవర్ పని సగమవుతుంది, ఇద్దరూ పెందలాడే ఇంటికి పోవచ్చు.

వాస్తవం: తగ్గేది ఒక్కో స్టాపుకు పట్టే సమయమే. హెల్పర్ ఉన్న బండికి ఆ మేరకు స్టాపులు కలుపుతారు. మొదటి రోజు కొత్త మనిషికి పని నేర్పుతూ డ్రైవర్ మరికాస్త వెనకబడతాడు కూడా. అందుకే అతను మొదట్లో ముభావంగా ఉంటే అది కోపమనుకోనక్కర్లేదు.

అపోహ: ఎంత పరుగెత్తితే అంత మంచి హెల్పర్.

వాస్తవం: శిక్షణలో మొదటి పాఠమే పరుగు వద్దని. చురుగ్గా నడవాలి, దూకకూడదు. బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండాలి. అంటే ఒక చేత్తో పెట్టె ఉన్నా, రెండో చెయ్యి కడ్డీని వదలకూడదు. రోజులో వందకు పైగా సార్లు దిగే మనిషికి ప్రతిసారీ మెట్టు మీంచి దూకడమంటే మోకాళ్లతో పందెం కాయడమే.

డిసెంబరులో ఉత్తరాది రాష్ట్రాల్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. కాలిబాట మీద గడ్డకట్టిన నీటిపొర నేల రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. అడ్డదారిలో పచ్చిక మీదుగా వెళ్తే తోటకు నీళ్లు పట్టే గొట్టాలు, అలంకరణ దీపాల తీగలు కాళ్లకు తగులుతాయి. నాలుగడుగులు కలిసొస్తాయని ఆశపడితే చీలమండ బెణికి నాలుగు వారాల పని పోతుంది.

ఇండియా నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర రోడ్డు దాటబోతే ముందు కుడివైపు చూడటం అలవాటు. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి మనకు దగ్గరి వరుసలో వచ్చే బండి ఎడమవైపు నుంచి వస్తుంది. చేతిలో పెట్టె, ముందు ఎత్తైన పార్సిల్ బండి ఉన్నప్పుడు పాత అలవాటే మనిషిని ముందుకు తోస్తుంది. ఆగి, రెండు వైపులా చూసి దాటడమొకటే మందు.

కుక్కల సంగతీ తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా తపాలా శాఖ తన సిబ్బంది మీదే 2023లో 5,800కు పైగా కుక్కదాడులు జరిగాయని చెప్పింది. గేటు తీసే ముందు దాన్ని కాస్త కదిలించి చప్పుడు చేయాలి. కుక్క ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకుండా, పెట్టెను అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి.

అపోహ: ఇది కండలు తిరిగిన మగవాళ్ల పని.

వాస్తవం: యూపీఎస్ 150 పౌండ్ల వరకు, అంటే దాదాపు 68 కిలోల దాకా, బరువున్న పెట్టెలు తీసుకుంటుంది. 70 పౌండ్లు దాటితే పెట్టె మీద బరువు హెచ్చరిక చీటీ ఉండాలి. అలాంటివి ఇద్దరు కలిసి గానీ, తోపుడు బండి మీద గానీ కదపాలి. పండగ సీజనులో ఇళ్లకు చేరేవాటిలో బట్టలు, బొమ్మలు, పుస్తకాల వంటి చిన్న పొట్లాలకు కొదవ ఉండదు. కాబట్టి ఇక్కడ అలసట బరువు వల్ల కంటే పదేపదే ఎక్కి దిగడం వల్ల వస్తుంది. ఆడవాళ్లూ ఈ పని చేస్తున్నారు. మోకాళ్లు వంచి, పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవడం తెలిసినవాళ్లు, ఒట్టి బలాన్ని నమ్ముకున్నవాళ్ల కంటే సీజను చివరిదాకా నిలుస్తారు.

అపోహ: చిన్న పొట్లమైతే ఇంటి ముందున్న మెయిల్‌బాక్సులో పడేస్తే సరి.

వాస్తవం: ఆ డబ్బా కొనుక్కున్నది ఇంటివాళ్లే అయినా, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అందులో వేసే హక్కు తపాలా శాఖదే. ప్రైవేటు కొరియరు మనిషి వేయకూడదు. పొట్లాన్ని గుమ్మం దగ్గర, వీధిలోకి కనబడకుండా, వాన తగలని చోట పెట్టాలి. సంతకం కావాలని రాసున్నది అలా వదిలి రాకూడదు. అందులో మద్యం ఉంటే 21 ఏళ్లు నిండినవాళ్లే గుర్తింపు కార్డు చూపి తీసుకోవాలి.

అపోహ: చేరితే రోజుకు ఎనిమిది గంటల పని ఖాయం.

వాస్తవం: రేపు పని ఉందో లేదో ముందు రాత్రో, ఆ ఉదయమో తెలుస్తుంది. ఒకరోజు మూడు గంటలు, ఇంకోరోజు పొద్దుపోయేదాకా, మధ్యలో ఒకరోజు అసలు పిలుపే ఉండదు. క్రిస్మస్ ముందు వారాల్లో గంటలు పెరుగుతాయి, పండగ వెళ్లగానే తగ్గిపోతాయి. గంటకు ఇచ్చే డాలర్లను నలభైతో హెచ్చవేసి అద్దె లెక్క వేసుకుంటే తలకిందులవుతుంది.

కూలి కూడా అంతటా ఒకటి కాదు. 2023లో టీమ్‌స్టర్స్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో యూపీఎస్ పార్ట్‌టైమ్ ఉద్యోగుల కనీస వేతనం గంటకు 21 డాలర్లయింది. సీజను హెల్పర్‌కు ఎంతన్నది మాత్రం ఊరిని బట్టి నియామక పత్రంలో చూసుకోవాలి. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు దానంతటదే వస్తుందనుకోవద్దు. రవాణా కంపెనీలకు ఫెడరల్ చట్టంలో ఉన్న ఒక మినహాయింపు డ్రైవర్ హెల్పర్లకూ వర్తించవచ్చు. 10,000 పౌండ్లు, అంతకన్నా తక్కువ బరువు తరగతి బండ్లయితే లెక్క వేరు. రాష్ట్ర చట్టం, యూనియన్ ఒప్పందం అంతకంటే మెరుగైన హక్కులు ఇవ్వచ్చు. ఓవర్‌టైమ్ సంగతి చేరేటప్పుడే అడగాలి.

అపోహ: బండి మీద ఏ పేరుంటే జీతమిచ్చేది ఆ కంపెనీయే.

వాస్తవం: యూపీఎస్ హెల్పర్ యూపీఎస్ ఉద్యోగే. కానీ అమెజాన్ రంగు వ్యాన్లలో చాలావాటిని నడిపేది 2018లో మొదలైన డెలివరీ సర్వీస్ పార్ట్‌నర్ పథకం కింద ఉన్న చిన్న కంపెనీలు. ఫెడెక్స్ గ్రౌండ్ రూట్లనూ చాలాకాలంగా కాంట్రాక్టర్లే నడుపుతున్నారు. జీతం ఆగినా, దెబ్బ తగిలినా జవాబు చెప్పాల్సింది నియామక పత్రంలో ఉన్న కంపెనీ. చాలా రాష్ట్రాల్లో తాత్కాలిక ఉద్యోగికీ మొదటి రోజు నుంచే పని ప్రమాద బీమా ఉంటుంది. టెక్సస్‌లో మాత్రం ప్రైవేటు యజమాని ఆ బీమా నుంచి తప్పుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల కాంట్రాక్టరు దగ్గర చేరేవాళ్లు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

అపోహ: కాలేజీ సెలవుల్లో తాత్కాలిక పనేగా, వీసాకు ఏమీ కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే చాలు.

వాస్తవం: మన పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. ఎఫ్-1 వీసా విద్యార్థి చదువుకునే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు పని చేయవచ్చు. సెలవుల్లో ఆ పరిమితి సడలుతుంది, కానీ అదీ క్యాంపస్ లోపలి పనికే. అనుమతి లేకుండా బయట పార్సిల్ మోస్తే అది ఒక్క రోజైనా స్టేటస్ ఉల్లంఘనే. నగదు తీసుకున్నంత మాత్రాన ఉల్లంఘన కాకుండా పోదు. పైగా జీతం ఎగ్గొట్టినా నోరెత్తలేని స్థితి వస్తుంది.

క్యాంపస్ ఉద్యోగంతో వచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డు మీదే, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని అచ్చువేసి ఉంటుంది. నియామకంలో పని చేసే హక్కును నిర్ధారించే ఐ-9 పత్రం నింపాలి. మూడు పనిదినాల్లో యజమాని పత్రాలు పరిశీలించాలి.

ఓపీటీలో, అంటే చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుభవ అనుమతిలో, ఉన్నవాళ్ల చేతిలో పని అనుమతి కార్డు ఉంటుంది కాబట్టి యజమాని తీసుకోవచ్చు. కానీ ఓపీటీ ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్సులో ఎంఎస్ చేసినవారికి పార్సిల్ మోయడం ఆ కోవలోకి రాదు. దాంతో ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల గడువు ఆగదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లు ఆ వీసాకు పిటిషను వేసిన యజమాని దగ్గరే పని చేయాలి. ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల వెసులుబాటు వేరే కూలిపనికి అనుమతి కాదు. వారి కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా వారిలో ఈఏడీ (పని అనుమతి) కార్డు ఉన్నవాళ్లు నిక్షేపంగా చేయవచ్చు. గ్రీన్‌కార్డు వాళ్లకు, పౌరులకు అడ్డే లేదు. విజిటర్ వీసా మీద పిల్లల్ని చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలు మాత్రం కాలక్షేపానికైనా దీని జోలికి పోకూడదు. అనుమానముంటే అడగాల్సింది వాట్సాప్ గ్రూపును కాదు, విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని, లేదా ఇమిగ్రేషన్ లాయరును.

అపోహ: సీజను బాగా చేస్తే ఉద్యోగం దానంతటదే పర్మనెంటు. / అసలు ఈ పనికి ముందుదారే లేదు.

వాస్తవం: రెండూ అతిశయోక్తులే. సీజను ఉద్యోగం తేదీతో ముగుస్తుంది. ఖాళీలుంటే కొందరిని ఉంచుకుంటారు. అలా ఉంచేది ఎక్కువగా గోదాములో పార్ట్‌టైమ్ పనికి. అక్కడి నుంచి సీనియారిటీని బట్టి డ్రైవరు ఉద్యోగానికి ఎదగవచ్చు. 2014లో యూపీఎస్ సీఈవో అయిన డేవిడ్ ఆబ్నీ 1974లో కాలేజీలో చదువుకుంటూ పార్ట్‌టైమ్ లోడరుగా చేరినవాడు. అలా పైకి వచ్చేవాళ్లు అరుదు. కానీ సమయానికి వచ్చి, దెబ్బ తగలకుండా, తప్పు గుమ్మంలో పెట్టకుండా సీజను గడిపినవాడి గురించి డ్రైవరు చెప్పే మంచిమాటకు డిపోలో విలువ ఉంటుంది.

చేరే ముందు

నియామక పత్రం మీద ఉన్న కంపెనీ ఏది? డ్రైవరును ఎక్కడ కలవాలి, పని లేని రోజు ఎన్ని గంటలకు చెబుతారు? ఓవర్‌టైమ్, ప్రమాద బీమా ఉన్నాయా? జారని బూట్లు, మెరిసే చొక్కా వాళ్లిస్తారా, మనమే కొనుక్కోవాలా? ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. వీటికి సూటిగా బదులివ్వని చోట చేరకపోవడమే మేలు. వీటన్నిటికంటే ముందు ఇంట్లోనే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: నా దగ్గరున్న పత్రం ఈ పని చేయనిస్తుందా? జవాబు ‘లేదు’ అయితే, ఎంత కూలి ఇస్తామన్నా ఆ బండి ఎక్కకూడదు.